గొంతూ గిటారూ కలిస్తే పీలగా వినిపిస్తోందా? కొత్త మైక్ కొనే ముందు చూడవలసినవి

ఇంట్లో పాటా గిటారూ రికార్డ్ చేసుకునేవారు "ఈ మైక్ బాగాలేదు, ఇదే ధరలో ఇంకొకటి చెప్పండి" అని అడిగినప్పుడల్లా నేను ముందు ఒకటే అడుగుతాను: మైక్‌కు ఏ వైపున నిలబడి పాడుతున్నారు? ఈ ప్రశ్నకు నొచ్చుకున్నవారిలో కూడా కొందరు మర్నాడు సమస్య తీరిందని చెప్పారు.

గొంతు పక్క గదిలోంచి వచ్చినట్టు ఉంటే

షూర్ వారి ఎస్ఎం58 వంటి డైనమిక్ మైక్‌లో (బయటి కరెంటు అక్కర్లేని రకం) కొనవైపు పాడాలి. ఆడియో-టెక్నికా వారి ఏటీ2020 వంటి కండెన్సర్ మైక్ (బయటి కరెంటు కావలసిన రకం) మాత్రం నిలువుగా నిలబడి పక్క నుంచి వింటుంది. దాని కొనలోకి పాడినా, వెనుక నుంచి పాడినా గొంతు తగ్గి గది మోత మిగులుతుంది. రెండూ కార్డియాయిడ్ మైకులే, అంటే ముందువైపు శబ్దాన్నే ఎక్కువగా పట్టేవే కాబట్టి వాటికి వీపువైపు దాదాపు చెవుడు. హెడ్‌ఫోన్ పెట్టుకుని, మాట్లాడుతూ మైక్‌ను నెమ్మదిగా ఒక చుట్టు తిప్పితే ఏది ముఖమో అర నిమిషంలో తెలిసిపోతుంది.

శబ్దం అందక, హిస్ (బుసలాంటి రొద) ఎక్కువైతే

కండెన్సర్‌కు 48 వోల్టుల ఫాంటమ్ పవర్, అంటే మైక్ కేబుల్ గుండానే వచ్చే కరెంటు, కావాలి. చవక సెట్లతో వచ్చే, ఒక కొసన ఇయర్‌ఫోన్ పిన్ ఉన్న వైరును ల్యాప్‌టాప్‌లో గుచ్చితే ఆ 48 వోల్టులు అందవు. మైక్‌ను కంప్యూటర్‌కు కలిపి ఆ కరెంటు ఇచ్చే ఇంటర్‌ఫేస్ పెట్టె కొనండి, లేదంటే యూఎస్‌బీ మైక్‌తో సరిపెట్టుకోండి. డైనమిక్ మైక్ సంగతి వేరు: ఒకే శబ్దానికి ఏటీ2020 సుమారు 14 మిల్లీవోల్టులు ఇచ్చే చోట ఎస్ఎం58 రెండు మిల్లీవోల్టులైనా ఇవ్వదు. అందువల్ల మైక్ శబ్దాన్ని పెంచే గెయిన్ నాబ్‌ను చివరిదాకా తిప్పవలసి రావడం మైక్ లోపం కాదు. ఫ్యాన్ ఆపలేని గదిలో, కుక్కర్ విజిల్ వినబడే ఇంట్లో నేను డైనమిక్ మైక్‌నే ఎంచుకుని, నోటికి నాలుగు వేళ్ల దూరంలో పెడతాను.

విడివిడిగా బాగుండి, కలిపితే పీలగా అయిపోతే

నేను రెండు నెలలు పోగొట్టుకున్నది ఇక్కడే. గొంతుకొక మైక్, గిటారుకొక మైక్ పెట్టి, వాయిస్తూ పాడి రికార్డ్ చేశాను. ఏ ట్రాక్‌ను విడిగా విన్నా లోపం కనబడలేదు. రెండూ కలిపితే మాత్రం గిటారు డొల్ల డబ్బాలా, గొంతు జలుబు చేసినట్టు వినిపించాయి. తీగలు మార్చాను, కేబుల్ మార్చాను, చివరకు మైక్‌ను కూడా మార్చాను. ఒకరోజు పొరపాటున గొంతు ట్రాక్ మ్యూట్ అయినప్పుడు, గిటారుకు ఒక్కసారిగా ఒళ్లొచ్చింది.

కారణం దూరంలో ఉంది. శబ్దం గాలిలో సెకనుకు సుమారు 343 మీటర్లు వెళుతుంది కనుక, గిటారు ధ్వని తన మైక్‌కన్నా గొంతు మైక్‌కు 34 సెంటీమీటర్లు ఎక్కువ ప్రయాణిస్తే ఒక మిల్లీసెకను ఆలస్యంగా చేరుతుంది. 500 హెర్ట్జ్ తరంగానికి (సెకనుకు 500 సార్లు ఊగేది) అది సరిగ్గా సగం ఊపు. ఒక మైక్ ముందుకు తోస్తున్నదాన్ని రెండోది వెనక్కి లాగుతుంది. అదే లెక్కన 1500, 2500 హెర్ట్జ్ దగ్గర కూడా ధ్వని కోసుకుపోతుంది.

సాఫ్ట్‌వేర్‌లో గొంతు ట్రాక్‌ను ఒక మిల్లీసెకను ముందుకు జరిపితే చాలదా అని నేనూ అనుకున్నాను. గిటారు కుదురుకుంటుంది, కానీ గొంతు ధ్వని ఎదురు దిక్కులో ప్రయాణించి గిటారు మైక్‌కే ఆలస్యంగా చేరుతుంది గనుక, దాని తేడా రెట్టింపవుతుంది. తరంగాన్ని తలకిందులు చేసే పొలారిటీ బటన్ నొక్కి చూడటంలో తప్పులేదు. అయితే అది కోతలను ఇంకో చోటికి జరుపుతుందే తప్ప తీసివేయదు.

పని చేసేది మైకుల అమరికే. ప్రతి మైక్‌ను దాని మూలానికి ఎంత దగ్గరగా పెట్టారో, రెండు మైకుల మధ్య కనీసం దానికి మూడింతల దూరం ఉంచండి. 15 సెంటీమీటర్ల దగ్గర పెడితే 45 చాలు. గిటారు మైక్‌ను గిటారు మెడ మీది 12వ ఫ్రెట్ వైపు చూపుతూ, దాని వీపు మీ నోటికి ఎదురయ్యేలా కిందికి వంచండి. అప్పటికీ కుదరకపోతే రెండో మైక్‌ను పక్కనపెట్టి, ఒకే కండెన్సర్‌ను అర మీటరు దూరంలో ఛాతీ ఎత్తున నిలిపి, గొంతు తగ్గితే పైకి, గిటారు తగ్గితే కిందికి జరపండి. లేదా ముందు గిటారు, తరువాత గొంతు విడిగా రికార్డ్ చేయండి. అందుకే తక్కువ బడ్జెట్‌తో వచ్చినవారికి నేను రెండు చవక మైకులు ఎన్నడూ సూచించను. ఆ డబ్బుతో ఒక్కటే, కాస్త మంచిది కొనమంటాను.

మైక్‌లో శబ్దాన్ని పట్టే క్యాప్సూల్‌కు తేమ పట్టడం, కేబుల్‌లో 2, 3 పిన్‌లు తారుమారుగా సోల్డర్ కావడం వంటి నిజమైన లోపాలు కూడా జరుగుతాయి. ఇన్నేళ్లలో నాకు ఒక్కోటి ఒక్కసారే ఎదురయ్యాయి, రెండూ పాత సామాన్లలోనే.