వ్యాయామశాలా, తాలింఖానా, జిమ్మా: బోర్డు మీద ఏ మాట రాయించాలి?

కావలి, కందుకూరు వైపు ఊళ్లలో నలుగురు కుర్రాళ్లు చేరి కసరత్తుకి చోటు సిద్ధం చేసుకున్నాక పేరు దగ్గర ఆగిపోతారు. అన్నిటికీ ఒకటే అర్థం కదా అని ఏదో ఒకటి రాయించేయకండి.

ముందు లోపల ఏం జరుగుతుందో చూడండి. ట్రెడ్‌మిల్, డంబెల్స్, గోడ నిండా అద్దాలు ఉంటే జిమ్ అనే రాయించండి. నెల్లూరులో ఎవరినడిగినా "జిమ్ముకి పోతుండా" అంటారు. జనం నోట నిలిచిన మాటని తరిమేయాల్సిన పనిలేదు.

దండీలు, బస్కీలు తీయించి కర్రసాము నేర్పే గురువు ఉంటే తాలింఖానా అనండి. తాలీం అంటే శిక్షణ, ఖానా అంటే ఇల్లు. అరబ్బీ, పారసీ మాటలు కలిసి మన నోట ఇలా స్థిరపడ్డాయి. నేర్పే మనిషి లేకుండా ఇనుప సామాను మాత్రమే ఉన్న గదికి ఈ పేరు అతకదు. నాకు ఈ మాటంటే ప్రాణం. పీర్ల పండగప్పుడు కర్ర తిప్పేవాళ్ల చెయ్యి గమనించండి. కర్ర గిర్రున తిరుగుతుంటే పనంతా మణికట్టుదే. పక్కన నిలబడి సరిదిద్దేవాళ్లు లేకుండా వచ్చే విద్య కాదది.

గోదా అంటే కుస్తీ పట్టే మట్టి నేల. మట్టిని గుల్లగా తవ్వి, రాళ్లు ఏరి, తేమ ఆరకుండా చూసుకుంటేనే అది గోదా. హాలు మొత్తానికి ఆ పేరు పెట్టకండి. ఎన్నికల గోదా అని పేపర్లలో రాసేది ఈ కుస్తీ నుంచి వెళ్లిందే. సాము నేర్చుకునే చోటుకి సాము గరిడీ అనేది పాత మాట, సాము నేర్పేవాళ్లు దాన్ని వాడుకుంటే చాలా సంతోషం.

పంచాయతీకి ఇచ్చే అర్జీలో, బడిలో, పార్కులో వ్యాయామశాల అని రాస్తే సరిపోతుంది. అక్కడ అన్ని రకాల కసరత్తులూ ఇమిడిపోతాయి. 'యా'కి దీర్ఘం మాత్రం మరవకండి, 'వ్యాయమశాల' తప్పు. పెయింటర్‌కి ఫోన్లో చెప్పకుండా కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసివ్వండి. ఫ్లెక్సీ అయితే ప్రింటుకి పంపేముందే ఒకసారి చూపించమనండి. 'వ్యాయామశాల జిమ్' అని ఒకే వరసలో రెండూ పెట్టొద్దు. రెండూ కావాలంటే పైన వ్యాయామశాల, కింద చిన్న అక్షరాల్లో జిమ్ అని వేయించండి.

ఖరారు చేసేముందు వీధిలో పెద్దవాళ్లకీ బడిపిల్లలకీ ఆ పేరు చదివి వినిపించండి. తడుముకోకుండా తిరిగి అనగలిగితే ఇక పెయింటర్‌ని పిలవచ్చు.