ట్రైలర్ దిగిన ఈవీ కస్టమర్ చేతికి వెళ్లేదాకా: నల్గొండ, పాలమూరు యార్డుల్లో నిల్వ పద్ధతి

ఫ్యాక్టరీ నుంచి కార్లు నెలాఖరుకు, త్రైమాసికం చివరికి గుంపుగా వచ్చి పడతాయి. మన దగ్గర ఆషాఢంలో బండి తీసేవాళ్లు తక్కువ, అమావాస్యకు ముట్టరు, పెత్రమాస ముందు పక్షం రోజులు షోరూం వైపే చూడరు. శ్రావణం రాగానే, మళ్లీ దసరాకు, అందరికీ ఒకే ముహూర్తం కావాలి. ఈ రెండు లెక్కలు కలవని రోజులన్నీ కారు యార్డులో నిలబడే రోజులే. ఉత్పత్తి పెరిగితే ఇరుకు తీరదు, ఫ్యాక్టరీ గేటు దాటి ఇవతలికి వస్తుంది. 2018లో టెస్లా మోడల్ 3 తయారీ ఊపందుకున్నాక కార్లు కస్టమర్లకు చేర్చడమే ఆ కంపెనీకి పెద్ద తలనొప్పి అయింది. తెలంగాణలో ఈవీలకు 2024 నవంబరులో ఇచ్చిన రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ ఫీజు మినహాయింపు గడువు 2026 డిసెంబరు 31. ఇలాంటి గడువు దగ్గరపడ్డప్పుడూ అదే తొక్కిసలాట.

యార్డు అనగానే అందరూ ముందు జాగా వెతుకుతారు. అంతకంటే ముందు, రోజుకు ఎన్ని కార్లు బయటికి పంపగలరో లెక్క తీయాలి. డెలివరీకి ముందు చేసే పీడీఐ తనిఖీ సరిగ్గా చేస్తే కారుకు గంటన్నర నుంచి 2 గంటలు, అంటే ఒక టెక్నీషియన్‌కు రోజుకు 4 కార్లు. 45 కిలోవాట్ అవర్ల బ్యాటరీ ప్యాకును 45 శాతం నుంచి 100కు తేవాలంటే దాదాపు 25 యూనిట్లు ఎక్కాలి, 7.2 కిలోవాట్ల ఏసీ ఛార్జరు మీద నష్టాలతో కలిపి 4 గంటలు. దసరా పొద్దున 10 కార్లు ఇవ్వాలంటే, 2 ఛార్జర్లుంటే 20 గంటలు కావాలి. ముందు రోజు మధ్యాహ్నానికే మొదటి కారుకు ప్లగ్గు పడకపోతే ముహూర్తం దాటుతుంది. ఎకరం జాగా ఉండి ఛార్జరు ఒక్కటే ఉన్న యార్డు కంటే, పావు ఎకరంలో 3 ఛార్జర్లున్న యార్డు మేలు.

జాగా లెక్క గుంటల్లో సులువు. నిలిపే చోటు 2.5 మీటర్లు × 5 మీటర్లు, మధ్యలో 6 మీటర్ల దారి కలుపుకుంటే కారుకు సుమారు 25 చదరపు మీటర్లు. గుంటకు 4 పడతాయి. ఛార్జింగు వరుస, మంటల జాగ్రత్తకు వదిలే ఖాళీ తీసేస్తే 3 అనుకోండి. 10 గుంటలకు 30 కార్లు. ఒకదాని వెనక ఒకటి ఇరికిస్తే ఇంకా పడతాయి గానీ, ముందొచ్చిన కారు ఎప్పుడూ లోపలి మూలనే ఉంటుంది. దాన్ని తీయడానికి ఐదింటిని జరపాలి, కాబట్టి ఎవరూ తీయరు, అదే పాతబడుతుంది.

చెరువు శిఖం భూమి చవకగా దొరికినా వద్దు. నల్లరేగడిలో ఒక్క వాన పడితే ట్రైలర్ దిగబడుతుంది. ఎర్ర చెల్క మీద 6 అంగుళాల మొరం పోసి రోలర్ తిప్పితే చాలు. పుణె దగ్గరి చాకన్ నుంచి నల్గొండకు వచ్చే ట్రైలరుకు పుణె దాటాక ఎన్‌హెచ్ 65 నార్కట్‌పల్లి దాకా ఒకటే దారి. పాలమూరుకైతే ఎన్‌హెచ్ 44 మీద జడ్చర్ల దాకా వచ్చి తిరగాలి. హైవే దిగాక ఊరి దారిలో కిందికి వేలాడే కరెంటు తీగలు, మలుపులు ముందే చూసి రండి. తిరగలేని చోటైతే హైవే పక్కనే దించి నడిపించుకు రావడం నయం.

దించగానే చుట్టూ ఫోటోలు తీయాలి, వంగి అడుగున బ్యాటరీ పెట్టె కూడా. ర్యాంపు అంచు తగిలేది అక్కడే. ఛాసిస్ నంబరు చివరి 6 అంకెలు, వచ్చిన తేదీ, ప్యాకు శాతం, 12 వోల్టుల బ్యాటరీ రీడింగు ఒక చీటీ మీద రాసి అద్దం లోపల అంటించండి. కారు ట్రాన్స్‌పోర్ట్ మోడ్‌లో (రవాణాలో కరెంటు తక్కువ లాగేలా కంపెనీ పెట్టే సెట్టింగు) వస్తే పీడీఐ దాకా అలాగే ఉంచండి.

పెద్ద ప్యాకు 40 నుంచి 60 శాతం మధ్య ఉంటే దానికి హాయి. మే నెలలో ఇక్కడ 44, 45 డిగ్రీలు మామూలే. ఆ ఎండలో 100 శాతంతో వారాల తరబడి నిలిపితే సెల్లు త్వరగా ముసలిదవుతుంది. 10 శాతం లోపు వదిలేయడం ఇంకా చెడ్డది. నిద్రలో ఉన్న కారుకు నెలకు కొద్ది శాతమే తగ్గాలి. ఎక్కువ తగ్గుతోందంటే ఎవరో రోజూ యాప్ తెరిచి లేపుతున్నారు, లేదా తాళాలు కారు పక్కనే ఉన్నాయి. కీలెస్ తాళం దగ్గర్లో ఉంటే చాలా కార్లు మాటిమాటికీ మేలుకుంటాయి. తాళాలన్నీ కనీసం 10 మీటర్ల దూరంలో ఆఫీసు పెట్టెలో ఉండాలి.

యార్డులో కార్లు నిజంగా మొరాయించేలా చేసేది పెద్ద ప్యాకు కాదు, చిన్న 12 వోల్టుల బ్యాటరీ. అది చచ్చిపోతే ప్యాకులో 50 శాతం ఉన్నా దాన్ని కారుకు కలిపే స్విచ్చులు (కాంటాక్టర్లు) మూసుకోవు. తలుపు తెరుచుకోదు, ఛార్జింగూ ఎక్కదు. వారానికోసారి మల్టీమీటరుతో చూడాలి, అదీ కారు కొన్ని గంటలు కదలకుండా ఉన్నాక. లెడ్ యాసిడ్ బ్యాటరీ 12.6 ఆ పైన ఉంటే బాగున్నట్టు. 12.4 అయితే కన్నేసి ఉంచండి. 12.2 దిగితే ఆ రోజే ఛార్జింగు పెట్టాలి. 12 కంటే కింద రోజుల తరబడి ఉంటే పలకలకు సల్ఫేటు పట్టి, ఛార్జి చేసినా నిలవదు. అలాంటిదాన్ని కస్టమరుకు ఇవ్వకుండా మార్చేయండి. నెల దాటి నిలిచే కారుకు, కంపెనీ మాన్యువల్ ఒప్పుకుంటే, నెగటివ్ టెర్మినల్ విప్పి ఉంచొచ్చు. విప్పే ముందు బానెట్ తీసే మార్గం, మెకానికల్ తాళం చేతిలో ఉన్నాయో లేదో చూసుకోండి. చచ్చిన కారు పార్క్‌లోనే బిగుసుకుని ఉంటుంది; ట్రాక్టరుతో లాగితే పార్కింగు లాకు విరుగుతుంది, తిరిగే చక్రాలతో మోటారు కరెంటు పుట్టిస్తుంది. బయటి నుంచి 12 వోల్టులు ఇచ్చి లేపాలి, కుదరకపోతే చక్రాల కింద డాలీలు (చిన్న చక్రాల బల్లలు) పెట్టాలి.

కరెంటు కోసం బోరు మోటారు లైనుకు కొక్కెం వేయొద్దు. టీజీఎస్పీడీసీఎల్ దగ్గర ఛార్జర్ల మొత్తం లోడుకు, 2 పెడితే 14.4 కిలోవాట్లకు, త్రీఫేజ్ మీటరు అడగండి. ఛార్జర్లను వేర్వేరు ఫేజుల మీద పంచాలి. నల్గొండ రాతి నేలలో అసలు చిక్కు ఎర్తింగు: ఎండాకాలం ఎర్తు గుంత ఎండిపోగానే ఛార్జరు ఎర్ర లైటు చూపి ఆగిపోతుంది. తప్పు కారుదనుకుని సర్వీసుకు ఫోన్లు కొడతారు. న్యూట్రల్‌కు, ఎర్తుకు మధ్య 2, 3 వోల్టులు దాటితే ముందు గుంతలో నీళ్లు పోయండి, తర్వాత ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. జనరేటరు మీద కూడా, న్యూట్రల్‌ను ఎర్తుకు కలపకపోతే ఇదే గొడవ.

వేప చెట్టు నీడ ఆశపెడుతుంది గానీ జిగురు, పిట్టల రెట్ట పెయింటును తింటాయి, షేడ్‌నెట్ వేయండి. టైర్లలో చెప్పినదానికంటే 3 నుంచి 5 పీఎస్ఐ ఎక్కువ నింపి, 2 వారాలకోసారి అర చక్రం జరపండి. ఎలుకలు మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు: వరి కోతలయ్యాక పొలం వదిలి యార్డుకే వస్తాయి, నారింజ రంగు హైవోల్టేజ్ తీగ కొరికితే వైర్ల కట్ట (హార్నెస్) మొత్తం మార్చాల్సి రావచ్చు.

అదే వరి కొయ్యలకు నిప్పు పెడితే మంట కంచె దాకా వస్తుంది. చుట్టూ 5, 6 మీటర్లు గడ్డి లేకుండా దున్ని ఉంచండి. అడుగున దెబ్బ తగిలిన కారును మిగతా వాటికి, గోడలకు 15 మీటర్ల దూరంలో విడిగా నిలపండి. లిథియం ప్యాకు అంటుకుంటే మంటలార్పే చిన్న సిలిండర్లతో ఆరదు, నీళ్లు ధారగా చాలా కావాలి. దగ్గరికి పోకుండా 101కి ఫోను చేయండి.

డెలివరీకి ముందు రోజు ఎల్ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) ప్యాకును ఏసీ మీద 100 శాతం నింపాలి, లేకపోతే తెర మీద చూపే శాతం తప్పి దారి మధ్యలో ఒక్కసారిగా పడిపోవచ్చు. ఎన్ఎంసీ (నికెల్, మాంగనీస్, కోబాల్ట్) రకం అయితే 80 చాలు. కదలని డిస్కులకు తుప్పు పడుతుంది, రీజెన్ (వేగం తగ్గించేటప్పుడు మోటారే బ్రేకులా పనిచేయడం) వల్ల అది తొందరగా పోదు. ఖాళీ దారిలో నాలుగైదు సార్లు గట్టిగా బ్రేకు నొక్కి చూడండి. ఇంటి ఛార్జరు లోడు పెంపు దరఖాస్తు మాత్రం బుకింగు రోజే పెట్టించండి. అది రాలేదని కారు తీసుకోవడం వాయిదా వేసే కస్టమర్లుంటారు, ఆ కారు నిలిచేది మళ్లీ మీ యార్డులోనే.