చేపలు పట్టే పాత లూర్లు: ఏవి కొనాలి, ఏవి దాచాలి, ఏవి నీళ్లలో వేయాలి?

చిన్నప్పుడు గోదావరి కాలవ గట్టున గాలం వేస్తే ఎర అంటే వానపాము, కొరమీను కావాలంటే చిన్న కప్ప, అంతే. మిషిగన్ వచ్చాక ఒక శనివారం ఎవరింట్లోనో గ్యారేజ్ సేల్‌లో తుప్పు పట్టిన రేకు పెట్టె తెరిచి చూస్తే, అడుగున కప్ప రంగులేసిన చెక్క ముక్క ఒకటి కనిపించింది. లూర్ అంటే ఇదే, చేపను మోసం చేసే బొమ్మ ఎర. దానికి గాజు కళ్లు, పొట్ట కింద మూడు కొనల హుక్కులు. ఎనిమిది డాలర్లకు ఇచ్చేశారు. అప్పటినుంచి నాకు ఇదే పిచ్చి.

ఇలాంటివి పోగు చేయాలని, వాటితో చేపలు కూడా పట్టాలని ఉన్నవాళ్ల కోసం రాస్తున్నాను. రంగు చెక్కుచెదరకుండా అసలు అట్టపెట్టెతో సహా దొరికినదాన్ని నీళ్లలో వేయకండి. అప్పటికే చేపల పళ్లు దిగి, గీతలు పడినవి మాత్రం నీళ్లు చూడాల్సిందే, వాటిని చేసిందే అందుకు.

ముందు ఒక్కటి ఎంచుకోండి

కనిపించినదల్లా కొంటే ఏడాదికల్లా ఇల్లు నిండుతుంది, తెలివి మాత్రం పెరగదు. అమెరికాలో పాత లూర్లంటే ముఖ్యంగా ఐదు కంపెనీలు చెప్తారు: డోవాజియాక్‌లో హెడన్, కలమజూలో షేక్‌స్పియర్, గారెట్‌లో క్రీక్ చబ్, సౌత్ బెండ్‌లో అదే పేరుతో నడిచిన కంపెనీ, ఏక్రన్‌లో ఫ్లూగర్. డెట్రాయిట్ వైపు ఉండే మనవాళ్లకు ఇవన్నీ కొన్ని గంటల డ్రైవ్‌లో ఉన్న ఊళ్లే. తేనెటీగలు పెంచే జేమ్స్ హెడన్ చెరువు గట్టున కూర్చుని చెక్కుతున్న పుల్లను నీళ్లలోకి విసిరేస్తే బాస్ చేప ఎగిరి దాన్ని కొట్టిందని, కంపెనీ అలా పుట్టిందని డోవాజియాక్‌లో ఇప్పటికీ చెప్పుకుంటారు.

కొత్తవాళ్లు హెడన్ రివర్ రంట్, క్రీక్ చబ్ పైకీ, లేదా ఏక్రన్‌కే చెందిన ఫ్రెడ్ ఆర్బోగాస్ట్ కంపెనీ జిట్టర్‌బగ్, ఈ మోడళ్లలో ఒకటి పట్టుకోండి. లక్షల్లో తయారైన రకాలు కాబట్టి బాగా వాడినవి ఇప్పటికీ చవగ్గానే దొరుకుతాయి. 1859లో పేటెంట్ తీసుకున్న హాస్కెల్ మిన్నో అనే రాగి చేప ఒకటి 2003 వేలంలో లక్ష డాలర్లు దాటింది, నిజమే, కానీ అలాంటి వార్త చూసి ఇందులోకి దిగొద్దు.

గ్యారేజ్ సేల్‌కి తెల్లారే వెళ్లండి. బల్ల మీద పెట్టినవి చూసి వెనక్కి వచ్చేయకండి. "మీ నాన్నగారివో తాతగారివో ఫిషింగ్ సామాన్లు ఏమైనా ఉన్నాయా?" అని ఒక్క మాట అడగండి. ఇలాంటి పెట్టెలు చాలావరకు అటక మీదే ఉండిపోతాయి, అవి ఎవరికైనా కావాలని ఇంట్లోవాళ్లకు తట్టదు. ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు అమ్మేవాళ్లు అడుగుతున్న ధర కాదు, అలాంటివి నిజంగా ఎంతకు అమ్ముడుపోయాయో చూడండి.

చేతిలోకి తీసుకుని చూడటం

ఇక్కడ తొందరపడొద్దు. చిన్న భూతద్దం, టార్చి జేబులో పెట్టుకెళ్లండి.

మొదట కళ్లు చూడాలి. గాజు కళ్లుంటే చాలావరకు రెండో ప్రపంచ యుద్ధానికి ముందుది, ఆ తర్వాత ఎక్కువగా రంగుతో వేసిన కళ్లు వచ్చాయి. తర్వాత మూతి దగ్గరుండే రేకు, దీన్నే లిప్ అంటారు, దాని మీద అక్షరాలు చదవండి. క్రీక్ చబ్ లిప్ మీద 1920 సెప్టెంబర్ 7 అని కనిపిస్తే అది పేటెంట్ తేదీ మాత్రమే. ఆ లిప్ తర్వాత చాలా ఏళ్లు వాడారు, కాబట్టి దాన్ని చూపించి 1920 నాటిదని ఎవరైనా ధర పెంచితే నమ్మకండి. జిట్టర్‌బగ్‌కి రేకు బదులు ప్లాస్టిక్ లిప్ ఉంటే మాత్రం సంతోషించండి, యుద్ధకాలంలో లోహం దొరక్క అలా చేశారు.

తర్వాత పొట్ట తిప్పి చూడండి. నిజంగా వాడిన లూర్‌కి హుక్కు అటూ ఇటూ ఊగి ఊగి రంగు మీద అరచంద్రంలా గీత పడుతుంది. ముసలి వార్నిష్‌లో సన్నటి పగుళ్లు, నెర్రెలిచ్చిన చెరువు మట్టిలా ఉంటాయి. ఈ రెండూ లేకుండా రంగు కొత్తగా మెరుస్తుంటే స్క్రూ తల చూడండి. స్క్రూ గాడిలోకి రంగు కారి ఉన్నా, గాడి అంచులు తాజాగా గీసుకుపోయి ఉన్నా, ఎవరో విప్పి మళ్లీ రంగేశారేమో అని అనుమానించాలి.

కడగడం, దాచడం

మొదటి ఏడాది నేను చేసిన తప్పు చెప్తాను. పైన చెప్పిన ఆ కప్ప రంగు చెక్క మీద మురికి పోవాలని గిన్నెలు తోమే సబ్బుతో, పాత టూత్‌బ్రష్‌తో రుద్దాను. మురికితోపాటు వీపు మీది పచ్చ చుక్క ఒకటి పొరలా లేచి సింకులోకి పోయింది. ఎనభై ఏళ్లు నిలిచిన రంగు, రెండు నిమిషాల్లో. ఇప్పటికీ బాధే. దూది పుల్లను నీళ్లలో ముంచి, గట్టిగా పిండి, పగుళ్లు లేని చోట మాత్రమే మెల్లగా తుడవండి. రంగు ఊడిన చోట టచప్ చేయొద్దు, థిన్నర్ దగ్గరికే రానివ్వొద్దు.

దాచేటప్పుడు ఒక్కటి గుర్తుంచుకోండి: ఎరగా వాడే మెత్తటి ప్లాస్టిక్ పురుగులు, పాత లూర్లు ఒకే అరలో పెట్టకూడదు. ఆ మెత్తటి ప్లాస్టిక్‌లోని రసాయనం పాత రంగును కరిగించేస్తుంది, జిగురులా అతుక్కుపోతుంది. ఎండ తగలని చోట, గ్యారేజ్‌లో కాకుండా ఇంటి లోపల పెట్టండి.

నీళ్లలో వేయడం

ఫిషింగ్ లైసెన్స్ తీసుకున్నారు కదా, సరే. ముందు హుక్కులు వేలితో లాగి చూడండి. పాత చెక్కలో స్క్రూ వదులైతే పెద్ద పైక్ చేప ఒక్క గుంజుడుకి పీక్కుపోతుంది. సాగని అల్లిక దారం కంటే కొంచెం సాగే నైలాన్ దారం, 12 పౌండ్ల బరువు ఆపేది వాడితే ఆ కుదుపు దారం తీసుకుంటుంది, స్క్రూ మీద పడదు.

జిట్టర్‌బగ్‌కి సరైన వేళ మునిమాపు, గాలి లేని చెరువు, నాచు అంచు. విసిరాక నీళ్ల మీద వలయాలు సద్దుమణిగే దాకా ఆగి, రీలు నిదానంగా, ఒకే వేగంతో తిప్పండి. లిప్ నీళ్లను అటూ ఇటూ తోస్తూ బుడుంగు బుడుంగుమని చప్పుడు చేస్తుంది, ఆ చప్పుడు తెగకూడదు. వేగం పెంచితే చప్పుడు చెడి లూర్ దూకుతుంది, తగ్గిస్తే ఆగిపోతుంది. ఆ మధ్య వేగం చేతికి రావడానికి నాకు రెండు సాయంత్రాలు పట్టింది. నీళ్లు భళ్లున పగలగానే రాడ్ లాగాలనిపిస్తుంది, లాగొద్దు. బరువు చేతికి తగిలాక లాగండి. చప్పుడుకే లాగితే చేప నోట్లోంచి లూర్ ఊడి మీ మీదికే వస్తుంది.

పైకీకి ఇంత ఓపిక అక్కర్లేదు, చెక్క తనంతట తానే ఒళ్లు తిప్పుకుంటూ ఈదుతుంది, పగలు కూడా పని చేస్తుంది.

ఇంటికి రాగానే లూర్‌ను పెట్టెలో పడేయకండి. మెత్తటి బట్టతో అద్ది, నీడలో ఒక రోజంతా వేలాడదీయండి. రంగు పగుళ్లలోకి దిగిన నీళ్లు ఆరకపోతే చెక్క ఉబ్బి మిగతా రంగును కూడా పైకి నెట్టేస్తుంది. నావి వంటింటి కిటికీ పక్కన దండెం మీద బట్టల క్లిప్పులకు వేలాడుతుంటాయి, హుక్కులకు స్ట్రా ముక్కలు తొడిగి, పిల్లల చేతికి అందనంత ఎత్తులో.