బోటులో స్టీరియో, మూడో పాఠం: రొద ఏ దారిన వస్తోంది?

కిందటి పాఠంలో వైరింగును కాగితం మీద గీసుకోమన్నాను. బ్యాటరీ దగ్గర బయల్దేరిన ప్రతి పాజిటివ్ తీగ ఫ్యూజు, స్విచ్ ప్యానెల్ మీదుగా ఎక్కడికి చేరుతోంది, ప్రతి నెగెటివ్ తీగ ఏ దారిన తిరిగి బ్యాటరీకి వస్తోంది అన్నది అందులో ఉండాలి. ఆ కాగితం ఇవాళ చేతిలో పెట్టుకోండి. పాజిటివ్‌లు గీసి, నెగెటివ్‌లను "అవన్నీ ఎక్కడో కలుస్తాయిలే" అని వదిలేసిన వాళ్లు ముందు ఆ పని పూర్తి చేసుకుని రండి. ఈ పాఠంలో చాలా భాగం ఆ "ఎక్కడో" గురించే.

రంగుల దగ్గర ఒక ఉచ్చు ఉంది. కొన్ని బోట్లలో 12 వోల్టుల నెగెటివ్ తీగ నల్లగా కాక పసుపు రంగులో ఉంటుంది. హెడ్ యూనిట్ (బిరడాలుండే స్టీరియో పెట్టె) వెనక వచ్చే తీగల గుత్తిలో మాత్రం పసుపు అంటే ఎప్పుడూ కరెంటుండే పాజిటివ్. పసుపూ పసుపూ కలిపితే ఫ్యూజు పోవడం ఖాయం, ఒక్కోసారి యూనిట్ కూడా పోతుంది. రంగును నమ్మకండి, మీటరు పెట్టి చూడండి.

కారు స్టీరియోలు బిగించిన అనుభవం ఇక్కడ కొంత అడ్డం వస్తుంది. కారులో ఇనుప బాడీయే నెగెటివ్. పక్కన ఏ బోల్టు దొరికితే దానికి బిగిస్తే సరిపోతుంది. ఫైబర్‌గ్లాస్ బోటులో అలాంటి బాడీ లేదు. ప్రతి పరికరం కరెంటూ తీగ వెంటే బ్యాటరీకి తిరిగి రావాలి. అల్యూమినియం బోటులో బాడీ ఉన్నా దాన్ని నెగెటివ్‌గా వాడకూడదు, నీళ్లలో ఉన్న లోహం కరెంటు పారితే తినుకుపోతుంది. అందుకని బిగించిన వాళ్లు దగ్గర్లో కనబడిన ఏదో ఒక నెగెటివ్‌కే స్టీరియోను తగిలించేస్తారు. అదే తీగలో బిల్జ్ పంపు (బోటు అడుగున చేరిన నీళ్లు తోడేది), దీపాలు, ఫ్రిజ్ కూడా తిరిగొస్తుంటాయి. నాలుగు చేల మురుగు ఒకే బోదెలోకి వదిలినట్టు.

దీని ఫలితం లెక్కలో చూద్దాం. తుప్పు పట్టిన ఒక జాయింటు నిరోధం 0.02 ఓమ్ అనుకోండి, చాలా మీటర్లకు అది సున్నాలాగే కనిపిస్తుంది. దాని గుండా పంపు కరెంటు 5 ఆంపియర్లు పారితే 0.1 వోల్టు పుడుతుంది. హెడ్ యూనిట్ నెగెటివ్ ఆ జాయింటుకు ఒక వైపున, ఆంప్లిఫయర్ (ఆంప్) నెగెటివ్ ఇంకో వైపున ఉంటే, ఆ 0.1 వోల్టు రెండింటినీ కలిపే ఆర్‌సీఏ కేబుల్ (పాట సిగ్నల్‌ను మోసేది) లోహపు పైతొడుగు మీద పడుతుంది. చిన్న వాల్యూమ్‌లో పాట సిగ్నల్ కూడా అదే కేబుల్లో దాదాపు అంతే వోల్టేజీతో వెళ్తుంటుంది. ఆంప్‌కు ఏది పాటో ఏది పంపో తెలియదు, రెంటినీ పెంచి స్పీకర్‌కు పంపేస్తుంది. గ్రౌండ్ లూప్ అంటే ఇదే.

ముందు చెవితో

ఇంజిన్ ఆపండి. ఒడ్డు నుంచి వచ్చే కరెంటు తీసేయండి. దీపాలు, పంపులు, ఇన్వర్టరు అన్నీ ఆపి, వాల్యూమ్ పూర్తిగా తగ్గించి స్టీరియో ఒక్కటే వేయండి. ఇప్పుడే స్పీకర్‌లో సుయ్‌మని సన్నటి ఊపిరిలాంటి చప్పుడు ఉంటే అది వైరింగు తప్పు కాదు, ఆంప్ మీద గెయిన్ (వచ్చిన సిగ్నల్‌ను ఆంప్ ఎన్ని రెట్లు పెంచాలో చెప్పే అమరిక) ఎక్కువ పెట్టారు. గెయిన్ బిరడా వాల్యూమ్ బిరడా కాదు. హెడ్ యూనిట్‌ను మూడొంతుల దాకా పెంచి, పాట చెడకుండా వినబడేంత వరకే గెయిన్ తిప్పండి. చాలా కేసులు ఇక్కడే ముగుస్తాయి, అయినా ఎవరూ ముందు ఇది చూడరు.

తర్వాత ఒక్కొక్కటీ వేస్తూ వినండి. ఇంజిన్ వేగంతో పాటు స్థాయి పెరిగే ఈల వస్తే ఆల్టర్నేటర్. దాన్ని లెక్కతో కూడా పట్టుకోవచ్చు. సాధారణంగా దొరికే 12 ధ్రువాల ఆల్టర్నేటర్ ఒక్క చుట్టుకు 36 అలల్ని వదులుతుంది. నిమిషానికి 2000 చుట్లు తిరిగితే ఆ ఈల 1200 హెర్ట్జ్, మన చెవి బాగా పట్టుకునే చోటే. ఇంజిన్ వేగంతో పాటు దగ్గరయ్యే టకటక పెట్రోలు ఇంజిన్ ఇగ్నిషన్‌ది. వేగంతో సంబంధం లేకుండా జుయ్‌మంటూ వచ్చిపోయేది ఏదో మోటారు, పంపో ఫ్యానో. ఒడ్డు కరెంటు తగిలించగానే మొదలయ్యే గుయ్‌మనే రొద బోటు బ్యాటరీ చార్జర్‌ది, 50 హెర్ట్జ్ కరెంటున్న చోట అది 100 హెర్ట్జ్ దగ్గర, 60 ఉన్నచోట 120 దగ్గర వినిపిస్తుంది. అల తగిలి బోటు ఊగినప్పుడే చిటపటలాడితే ఏదో కనెక్షన్ వదులైంది లేదా ఆకుపచ్చగా తుప్పు పట్టింది. దానికి పరీక్షలు అక్కర్లేదు, ఒక్కో జాయింటునూ చేత్తో కదుపుతూ వెళ్లండి.

ఆ చివరి విసుగు పని అందరూ వాయిదా వేస్తారు. ఫిల్టర్ కొనడం తేలిక కదా.

దారి మూసి చూడటం

ఇప్పుడు అసలు పని. పెట్రోలు ఇంజిన్ బోటయితే, వైర్లు ముట్టుకునే ముందూ, ఇంజిన్ వేసే ముందూ బ్లోయర్ (ఇంజిన్ గదిలోని గాలిని బయటికి తోడే ఫ్యాను) కనీసం 4 నిమిషాలు తిప్పండి. నిప్పురవ్వ పుట్టే చోట పెట్రోలు ఆవిరి ఉండకూడదు. ఇంజిన్ తిరుగుతుండగా బ్యాటరీ స్విచ్ ఆఫ్ చేసి "ఆల్టర్నేటర్ ఉందో లేదో" చూద్దామన్న ఆలోచన రానీయకండి. ఎక్కడికీ పోలేని కరెంటు ఒక్కసారిగా వోల్టేజీ పెంచి ఆల్టర్నేటర్ డయోడ్లను కాల్చేస్తుంది.

ముందు ఫోన్ చార్జర్. పాట ఫోన్ నుంచి ఆక్స్ తీగ (హెడ్‌ఫోన్ రంధ్రంలో పెట్టే ఆడియో తీగ) ద్వారా వస్తోందా? ఫోన్ 12 వోల్టుల సాకెట్‌లో చార్జి అవుతోందా? చార్జర్ పీకేయండి. రొద పోతే వెతుకులాట అయిపోయింది, లూప్ ఫోన్ గుండా కట్టుకుంది. బ్లూటూత్‌లో పాట పెట్టుకుంటే తీగే ఉండదు కనుక ఆ లూపూ ఉండదు.

అది కాకపోతే, స్టీరియో ఆపి, ఆంప్ దగ్గర ఆర్‌సీఏ కేబుళ్లు పీకేసి, వాటి చోట షార్టు చేసిన ప్లగ్గులు పెట్టండి. మామూలు ఆర్‌సీఏ ప్లగ్గులో నడిమి పిన్నునూ బయటి అంచునూ చిన్న తీగతో కలిపితే అదే. ఇది ఆంప్ ఇన్‌పుట్‌లోనే పెట్టాలి, హెడ్ యూనిట్ అవుట్‌పుట్‌లో ఎన్నడూ పెట్టకూడదు. ఇప్పుడు ఇంజిన్ వేసి, ఆంప్ ఆన్ చేసి వినండి. ఆంప్‌ను మేల్కొలిపే రిమోట్ తీగ హెడ్ యూనిట్ నుంచే వస్తుంది కాబట్టి హెడ్ యూనిట్ కూడా ఆన్‌లోనే ఉంచండి. స్పీకర్లు మౌనంగా ఉంటే రొద ఆంప్‌కు ముందే కలుస్తోంది. ఈల ఇంకా వస్తుంటే ఆంప్ కరెంటు తీగలో, నెగెటివ్‌లో, స్పీకర్ తీగల్లో వెతకాలి. ఈ ఒక్క పరీక్షతో వెతకాల్సిన బోటు సగమైపోతుంది.

ముందే కలుస్తోందని తేలితే ప్లగ్గులు తీసి, చార్జింగులో లేని ఫోన్‌ను ఆక్స్ తీగతో నేరుగా ఆంప్‌కు కలపండి. ఫోన్ వాల్యూమ్ తక్కువతో మొదలుపెట్టండి. శుభ్రంగా వస్తే తప్పు హెడ్ యూనిట్‌దో దాని కేబుల్‌దో దాని నెగెటివ్‌దో. ఈ మూడింటినీ విడదీయడానికి నాకు తెలిసిన అన్నిటికన్నా మంచి పనిముట్టు ఇంకో చిన్న 12 వోల్టుల బ్యాటరీ. హెడ్ యూనిట్ పాజిటివ్, నెగెటివ్ రెండూ బోటు నుంచి విడదీసి, మధ్యలో ఫ్యూజు పెట్టి, ఆ బ్యాటరీకి కలపండి. ఆంప్ బోటు బ్యాటరీ మీదే ఉండనివ్వండి. రొద మాయమైతే యూనిట్ మంచిదే, కేబుల్ మంచిదే, తప్పు దాని కరెంటు దారిలో ఉంది. మాయం కాకపోతే హెడ్ యూనిట్ యాంటెన్నా తీగ పీకి చూడండి. యాంటెన్నా మొదలు ఏ స్టీలు రెయిలింగుకో తగిలి ఉంటే, దాని పైతొడుగు మరో నెగెటివ్‌గా మారి లూప్ కడుతుంది.

మీటరుతో రుజువు

చెవి చెప్పింది అనుమానం, మీటరు చెప్పేది సాక్ష్యం. డీసీ మిల్లీవోల్టుల్లో పెట్టి, ఒక మొన బ్యాటరీ నెగెటివ్ టెర్మినల్ మీద, ఇంకోటి ఆంప్ నెగెటివ్ స్క్రూ మీద ఆనించండి. పాట గట్టిగా పెట్టండి. 0.1 వోల్టు లోపు ఉంటే ఫరవాలేదు, అర వోల్టు దగ్గరకొస్తే ఆ తీగ సన్నగా ఉంది లేదా జాయింటు చెడింది. తర్వాత ఆర్‌సీఏ కేబుళ్లు తీసేసి, ఒక మొన హెడ్ యూనిట్ నెగెటివ్ మీద, ఇంకోటి ఆంప్ నెగెటివ్ మీద. ఇప్పుడు ఒకరిని పంపు, దీపాలు, ఫ్రిజ్ ఒక్కొక్కటే వేయమనండి. ఏది వేసినప్పుడు అంకె గెంతుతుందో ఆ పరికరమే మీ స్టీరియోతో తీగ పంచుకుంటోంది. కాగితం మీద ఆ చోట గుర్తు పెట్టుకోండి.

ఆల్టర్నేటర్ ఈల మాత్రం ఏసీ స్కేలులో చూడాలి. ముందు మీ మీటరు ఎలాంటిదో తేల్చుకోండి. ఇంజిన్ ఆగి ఉన్నప్పుడు బ్యాటరీ మీద ఏసీ స్కేలు పెడితే దాదాపు సున్నా చూపాలి. మొనలు అటూ ఇటూ మార్చినప్పుడు ఒకవైపు ఇరవై చిల్లర వోల్టులు చూపిస్తే ఆ చవక మీటరు ఈ పనికి పనికిరాదు. మీటరు సరైనదైతే ఇంజిన్ కొంచెం వేగంగా తిప్పుతూ బ్యాటరీ టెర్మినళ్ల మీదే కొలవండి. పదుల మిల్లీవోల్టులు మామూలే. అర వోల్టు దాటితే ఆల్టర్నేటర్‌లో డయోడ్ పోయిందని అనుమానించాలి. అది స్టీరియో సమస్య కాదు, చార్జింగ్ సమస్య, స్టీరియో మీకు ముందుగా చెప్పిందంతే. చాలా ఔట్‌బోర్డ్ ఇంజిన్లలో విడి ఆల్టర్నేటర్ ఉండదు, ఫ్లైవీల్ కింది స్టేటరే చార్జి చేస్తుంది, వాటి అలలు కాస్త ఎక్కువగానే ఉంటాయి.

మందు

హెడ్ యూనిట్, ఆంప్ రెండింటి నెగెటివ్‌లనూ ఒకే చోటికి, మెయిన్ నెగెటివ్ బస్ బార్‌కు (నెగెటివ్ తీగలు కలిసే లోహపు పట్టీకి), ఇంకే పరికరంతోనూ పంచుకోకుండా తీసుకెళ్లండి. పాజిటివ్ కూడా బ్యాటరీ దగ్గర ఫ్యూజు పెట్టి విడిగా లాగండి. తగరం పూసిన రాగి తీగ వాడండి, మామూలు రాగి ఉప్పుగాలికి తొడుగు లోపలే నల్లబడుతుంది. ఆర్‌సీఏ కేబుళ్లు కరెంటు తీగల పక్కన పడుకోకూడదు, దాటక తప్పకపోతే అడ్డంగా, లంబకోణంలో దాటాలి. పని అయ్యాక మీటరు కొలతలు మళ్లీ తీసుకోండి.

ఇంత చేసినా మిగిలితే అప్పుడు ఫిల్టర్. కరెంటు తీగలో పెట్టే కాయిల్-కెపాసిటర్ ఫిల్టర్ పాజిటివ్ దారిన వచ్చే ఈలను తగ్గిస్తుంది. ఆర్‌సీఏ దారిలో పెట్టే ఐసొలేటర్ లోపల చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు ఉంటాయి, లూప్‌ను అవి నిజంగానే తెంపుతాయి, కానీ చవకవి బాస్ మింగేస్తాయి. తీగకు తొడిగే ఫెర్రైట్ దిమ్మలు ఆల్టర్నేటర్ ఈలను ఏమీ చేయవు. అవి రేడియో పౌనఃపున్యాలకే, వాటితో మనకు పని తర్వాతి పాఠంలో.

చార్జర్ గుయ్‌మంటోందని ఒడ్డు కరెంటు ప్లగ్గులో ఎర్త్ పిన్ను తీసేసే వాళ్లున్నారు. రొద నిజంగానే పోవచ్చు. దాంతోపాటు చార్జర్‌లో తేడా వస్తే బ్రేకర్ పడే దారీ పోతుంది, బోటు లోహభాగాలూ చుట్టూ ఉన్న నీళ్లూ కరెంటు పట్టుకుంటాయి. పక్కన ఈదుతున్న మనిషి ప్రాణం పోగలదు. ఎర్త్ ముట్టుకోకండి. ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టించుకోవాలి, లేదా చార్జర్ మార్చాలి, రెండూ కాకపోతే పాట వినేటప్పుడు చార్జర్ ఆపాలి.

వచ్చే పాఠానికి

అక్కడ రేడియోలో మాత్రమే వచ్చే రొద తీసుకుంటాం, ముఖ్యంగా ఎల్‌ఈడీ దీపాలది. ఇది వినోదంతో ఆగే విషయం కాదు. ఆ దీపాల లోపలి సర్క్యూట్లు వీహెచ్‌ఎఫ్ రేడియోనూ (బోట్లు మాట్లాడుకునేది) ఏఐఎస్‌నూ (ఓడలు తమ ఉనికిని తెలిపేది) చెడగొడుతున్నాయని అమెరికా కోస్ట్ గార్డ్ 2018 ఆగస్టులో భద్రతా హెచ్చరికే ఇచ్చింది. ఈలోగా ఒక పని చేసి రండి. దీపాలన్నీ ఆపి, వీహెచ్‌ఎఫ్‌ను మాటలు లేని చానెల్లో పెట్టి, స్క్వెల్చ్ బిరడాను (మాటలు లేనప్పటి రొదను మూసేది) రొద ఆగిన చోటికి సరిగ్గా తెచ్చి ఆపండి. తర్వాత ఎల్‌ఈడీ దీపాలు ఒక్కొక్కటే వేయండి. ఏ దీపం వేయగానే రొద తిరిగొస్తుందో వరసగా రాసుకోండి. మాస్తు (బోటు మీది నిలువు స్తంభం) మీది నావిగేషన్ దీపాన్ని మరవకండి, యాంటెన్నాకు దగ్గరగా ఉండేది అదే. ఇవాళ్టి మీటరు కొలతలూ అదే కాగితం మీద, ఏ చోట తీసిందీ పక్కనే రాసి ఉంచండి.