ట్రైల్ రన్నింగ్ షూ కొనేటప్పుడు: ముందు పాదం, తర్వాత నేల, ఆఖర్న బరువు

షాపులో ట్రైల్ షూ, అంటే మట్టిదారుల్లో, కొండల మీద పరిగెత్తడానికి చేసిన షూ, చేతిలోకి తీసుకుని రెండుసార్లు పైకీ కిందికీ ఊపి, "అబ్బ, ఎంత తేలిగ్గా ఉందో" అని కొనేసేవాళ్ళే ఎక్కువ. తేలిక ఊరికే రాదండీ. 320 గ్రాములుండాల్సిన షూని 230కి దించారంటే ఎక్కడో ఏదో తీసేశారనే అర్థం. కింద రబ్బరు పలచన చేసి ఉంటారు, రాళ్ళు అరికాలికి గుచ్చుకోకుండా లోపల పెట్టే రాక్ ప్లేట్ ఎత్తేసి ఉంటారు, వేళ్ళ ముందుండే గట్టి రబ్బరు కాపుని పలచటి పూతతో సరిపెట్టి ఉంటారు. మీరు పరిగెత్తే చోట వీటిలో ఏది లేకపోయినా నడుస్తుందో తెలిసుంటే తేలిక షూ అంత హాయి ఇంకోటి లేదు, తెలియకపోతే మాత్రం వేలకి వేలు పోసి కొన్న జత నెల తిరక్కుండా అటకెక్కుతుంది.

అందుకే వరస ఇలా పెట్టుకోండి. మొదట మీ పాదం, తర్వాత మీరు వారంలో ఎక్కువసార్లు పరిగెత్తే నేల, ఆ రెండూ తేలాక మిగిలినవాటిలో తేలికది. బరువు లెక్కలోకే రాదని కాదు. ఒక్కో షూకి 100 గ్రాములు పెరిగితే పరుగుకి ఖర్చయ్యే శక్తి దాదాపు 1 శాతం పెరుగుతుంది, కొండెక్కేటప్పుడు ఆ తేడా బాగానే తెలుస్తుంది. కానీ 20, 30 గ్రాముల కోసం వేళ్ళు నలిగే షూ కొనుక్కోవడం శుద్ధ దండగ. పైగా కంపెనీవాళ్ళు రాసే బరువు ఏదో ఒక మధ్యరకం సైజుది, మగవాళ్ళ షూలకి సాధారణంగా యూకే 8 దగ్గరది. మీది 10 అయితే ఆ అంకె మీది కాదు.

పాదం సంగతి

కొలత సాయంత్రం పూట తీసుకోండి. పొద్దుటికంటే సాయంత్రానికి పాదం కొంచెం ఉబ్బుతుంది, గంటసేపు పరిగెత్తితే ఇంకా ఉబ్బుతుంది. మడమ గోడకి ఆనించి, తెల్లకాగితం మీద ఆ కాలి మీదే బరువు వేసి నిలబడండి. పాదం చుట్టూ గీత ఇంట్లో ఎవరి చేతైనా గీయించండి, ఎందుకంటే మీరే వంగి గీస్తే బరువు పక్కకి పోయి కొలత మారిపోతుంది. రెండు కాళ్ళకీ గీయాలి. చాలామందికి ఒకటి కాస్త పెద్దది, ఆ పెద్దదాన్నే లెక్కలోకి తీసుకోవాలి. పొడవు కూడా బొటనవేలి దాకా కాదు, ఏ వేలు ముందుకుంటే ఆ వేలి దాకా. రెండోవేలు పొడుగ్గా ఉన్నవాళ్ళు ఇక్కడే దెబ్బతింటారు.

ఇప్పుడు ఆ బొమ్మ కేసి చూడండి. వేళ్ళ దగ్గర విసనకర్రలా విచ్చుకుని మడమ దగ్గర సన్నగా ఉందా? చిన్నప్పట్నుంచీ వట్టికాళ్ళతోనో చెప్పులతోనో తిరిగిన మనవాళ్ళలో ఈ రకం పాదాలు చాలా కనిపిస్తాయి. ముక్కు సన్నటి రేసింగ్ షూ ఎంత పేరున్నదైనా వీళ్ళకి పనికిరాదు. "ఒక సైజు పెంచుకోండి సార్, సరిపోద్ది" అంటాడు సేల్స్ కుర్రాడు. వినకండి. సైజు పెంచితే పెరిగేది ముఖ్యంగా పొడవు, దాంతోపాటు మడమ వదులవుతుంది, దిగుడులో పాదం ముందుకి జారి వేళ్ళు షూకి కొట్టుకుంటాయి, గోరు నల్లబడుతుంది. కావాల్సింది టో బాక్స్, అంటే వేళ్ళుండే ముందు భాగం, వెడల్పుగా, మడమ బిగుతుగా ఉండే షూ. ఆల్ట్రా కంపెనీ లోన్ పీక్, టోపో కంపెనీ షూల లాంటివి వేళ్ళ దగ్గర వెడల్పుగానే కుడతారు, వేరే కంపెనీల్లోనూ కొన్ని మోడళ్ళకి వైడ్ అని విడిగా దొరుకుతాయి. పాదం సన్నగా ఉన్నవాళ్ళ బాధ దీనికి రివర్సు. వెడల్పు షూ వేసుకుని పక్కవాలు మీద పరిగెత్తితే షూ నేలని పట్టుకునే ఉంటుంది, పాదం మాత్రం లోపల జారుతుంది. వీళ్ళు సలోమన్ లాంటి, పాదాన్ని పట్టి ఉంచే షూలు వేసి చూడొచ్చు.

వెడల్పు గురించి అందరూ మాట్లాడతారు గానీ, పాదం ఎత్తు గురించి ఎవరూ పట్టించుకోరు. పాదం పైభాగం ఎత్తుగా ఉన్నవాళ్ళకి లేసులు బిగించిన అరగంటకి వేళ్ళు తిమ్మిరెక్కుతాయి. దీనికి షూ మార్చక్కర్లేదు, నొక్కుకుంటున్న చోట లేసుని అడ్డంగా దాటించకుండా రెండు వైపులా నిటారుగా పై రంధ్రంలోకి తీసుకెళ్ళి అక్కణ్ణించి మళ్ళీ మామూలుగా కట్టండి. మడమ లేస్తోందంటే ఆఖర్న ఉండే అదనపు రంధ్రం దానికోసమే. లేసుని అదే వైపు ఆ రంధ్రంలోకి దూర్చి చిన్న ఉచ్చు చేసి, అవతలి లేసుని ఆ ఉచ్చులోంచి లాగి బిగిస్తే మడమ కదలదు.

తడి కాలు నేల మీద అద్ది పాదం వంపు చూసుకోమని ప్రతివాళ్ళూ చెప్తారు. నా దృష్టిలో ట్రైల్ షూ ఎంచుకోవడానికి దాని ఉపయోగం తక్కువే, మట్టిదారిలో పాదం అడుగడుగుకీ ఒక్కో కోణంలో పడుతుంది కాబట్టి అక్కడ వెడల్పూ, మడమ పట్టే ఎక్కువ పనిచేస్తాయి. మరీ చదును పాదమై నొప్పి కూడా ఉంటే షాపులో కాదు, ఫిజియోథెరపిస్టు దగ్గర తేల్చుకోండి.

నేల సంగతి

హైదరాబాద్ చుట్టుపక్కల ఖాజాగూడ, మౌలాలి లాంటి చోట్ల ఉన్నది గ్రానైట్. ఎండిన గ్రానైట్ బండ మీద లోతైన లగ్‌లు, అంటే షూ కింద ఉండే రబ్బరు గుబ్బలు, అక్కర్లేదు సరికదా అడ్డం కూడా. రబ్బరు ఎంత ఎక్కువగా రాతికి ఆనితే అంత పట్టు. 3, 4 మిల్లీమీటర్ల లగ్‌లు చాలు, రబ్బరు మాత్రం మెత్తగా రాతికి అతుక్కునే రకం కావాలి, వైబ్రమ్ మెగాగ్రిప్ అని సోలు మీద ఉంటే ఆ విషయంలో నిశ్చింత. జారేది బండ కాదు, వాలు మీద పరుచుకున్న మొరం. అక్కడ ఏ షూ అయినా కొంత జారుతుంది, అడుగులు పొట్టిగా వెయ్యాల్సిందే. వానకి పాకుడు పట్టిన బండ మీదైతే పరుగు పక్కనబెట్టి నడవండి.

విదేశీ రివ్యూల్లో ఎంత వెతికినా పెద్దగా కనపడని గొడవ ఒకటుంది మనకి, ముళ్ళు. సర్కారు తుమ్మ, రేగు, పల్లేరు. తేలిక షూల్లో చాలావాటికి కింద పూర్తిగా రబ్బరు ఉండదు, బరువు తగ్గించడానికి మధ్యమధ్యలో ఫోమ్‌ని అలాగే వదిలేస్తారు. తుమ్మముల్లు సరిగ్గా అక్కడే దిగుతుంది. దిగి సోలు మట్టానికి విరిగిపోతుంది, పైకి ఏమీ కనపడదు, అడుగడుగుకీ కొంచెం కొంచెం లోపలికి జరుగుతూ మూడోనాడు రోడ్డు మీద పరిగెత్తుతుంటే చురుక్కుమంటుంది. ఇంటికొచ్చాక ఇన్‌సోల్, అంటే అరికాలి కింద ఉండే లోపలి అట్ట, తీసి, షూని విల్లులా వంచి లోపలంతా బొటనవేలితో మెల్లగా తడిమి చూడండి. మొన తగిలితే అక్కడే పెన్నుతో గుర్తు పెట్టి, కిందనుంచి కటింగ్ ప్లయర్‌తో లాగాలి. లోపల్నుంచి లాగితే సగం విరిగి ఫోమ్‌లోనే ఉండిపోతుంది. తెలంగాణ, రాయలసీమ తుప్పల్లో పరిగెత్తేవాళ్ళు సోలు మొత్తం రబ్బరు కప్పి ఉన్నదీ, రాక్ ప్లేట్ ఉన్నదీ తీసుకోవాలని నా గట్టి అభిప్రాయం, 40 గ్రాములు ఎక్కువైనా సరే. రాక్ ప్లేట్ అన్ని ముళ్ళనీ ఆపదు గానీ చాలావాటిని ఆపుతుంది. షూ పైనుండే జాలీ గుడ్డ, అదే మెష్, కూడా దగ్గరగా అల్లినది చూసుకోండి, లేకపోతే గడ్డి గింజలు సాక్సుల్లోకి దూరి దురదతో చంపుతాయి.

అరకు, మారేడుమిల్లి వైపు కథ వేరు. ఎర్రమట్టి, కుళ్ళిన ఆకులు, మధ్యలో వాగులు. ఇక్కడ 5 మిల్లీమీటర్ల లగ్‌లు, అవీ దూరదూరంగా ఉన్నవి కావాలి, దగ్గరగా ఉంటే మట్టి ఇరుక్కుని సోలు నున్నగా తయారవుతుంది. సలోమన్ స్పీడ్‌క్రాస్ లాంటివి ఇలాంటి మెత్తటి నేల కోసమే చేసినవి. వాటర్‌ప్రూఫ్ షూ జోలికి మాత్రం వెళ్ళకండి. వాగులో కాలు పెడితే నీళ్ళు పైనుంచి ఎలాగూ వస్తాయి, వచ్చినవి బయటికి పోవు, మన ఉక్కకి లోపల పాదం నానిపోయి బొబ్బలెక్కుతుంది. హిమాలయాల్లో మంచు మీదికి వెళ్ళేవాళ్ళకైతే అది పనికొస్తుంది. నాగలాపురం లాంటి చోట్ల ఏటి గుండ్ల మీద గెంతుతూ వెళ్ళాలంటే మరీ మందం సోలు ప్రమాదం, నేలకి దగ్గరగా ఉండే షూ అయితే చీలమండ మెలికపడే భయం తక్కువ.

నల్లరేగడికి షూ లేదు. వాన పడ్డ మర్నాడు ఆ చేల గట్ల మీద నాలుగడుగులు వేస్తే చాలు, ఏ లగ్‌లైనా పూడుకుపోయి ఒక్కో కాలికి ముద్ద వేలాడుతుంది. ఆ రోజుకి రోడ్డు మీద పరిగెత్తండి.

విశాఖ, భీమిలి ఇసుకలో లగ్‌లు చేసేదేమీ లేదు. దగ్గర అల్లిక మెష్, షూ పైన తొడిగే పలచటి గెయిటర్ ఉంటే చాలు, ఉప్పునీళ్ళు తగిలితే ఇంటికొచ్చి మంచినీళ్ళతో కడిగేయాలి. ఇంటి దగ్గర్నుంచి మూడు కిలోమీటర్లు తారురోడ్డు దాటితే గానీ మట్టిదారి రాని వాళ్ళు 3 మిల్లీమీటర్ల లగ్‌లతో, కాస్త గట్టి రబ్బరుతో సరిపెట్టుకోండి. లోతైన లగ్‌లు తారు మీద చూస్తుండగానే అరిగిపోతాయి.

డ్రాప్ గురించి ఒక మాట. మడమ కింద మందానికీ వేళ్ళ కింద మందానికీ ఉన్న తేడానే డ్రాప్. రోడ్డు షూల్లో 8, 10 మిల్లీమీటర్లు మామూలే, లోన్ పీక్‌లో సున్నా. వెడల్పు బాగుందని 10 నుంచి ఒక్కసారి సున్నాకి దిగితే భారం పిక్కల మీదా మడమ వెనకుండే స్నాయువు (అకిలెస్) మీదా పడుతుంది. వారానికి ఒకటి రెండు పొట్టి పరుగులతో మొదలుపెట్టి మెల్లగా పెంచండి, లేదా మధ్యలో 4, 5 మిల్లీమీటర్ల దగ్గర ఆగిపోయినా నష్టం లేదు.

షాపులో ఏం చెయ్యాలి

మీరు పరిగెత్తే సాక్సులే వేసుకెళ్ళండి. షూలోంచి ఇన్‌సోల్ బయటికి లాగి నేల మీద పెట్టి దాని మీద నిలబడండి. చిటికెనవేలు అంచు దాటి బయటికొచ్చిందంటే ఆ షూ మీది కాదు, ఇక తొడిగి చూడక్కర్లేదు. సరిపోతే రెండు కాళ్ళకీ తొడిగి లేసులు కట్టి మెట్లు దిగండి, ఏటవాలు ర్యాంపు ఉంటే ఇంకా మంచిది, దిగేటప్పుడు గట్టిగా ఆగి చూడండి. వేళ్ళు ముందు తగిలితే కుదరదు. పొడుగువేలి ముందు బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి. "వాడితే సాగుతుంది" అనే మాట తోలు చెప్పులకి చెల్లుతుంది, ఈ షూలకి కాదు. ఇవి తొడిగిన నిమిషం నుంచీ సుఖంగా ఉండాలి. తర్వాత రెండు చేతులతో షూని మెలితిప్పండి. గుడ్డలా తిరిగితే రాళ్ళ మీద అరికాలు వాస్తుంది, అసలు తిరక్కపోతే ఎగుడుదిగుడులో నేలకి ఒదగదు.

అమెరికాలో ఉన్న అన్నయ్యో వదినో వస్తున్నారని షూ తెప్పించుకునేవాళ్ళు "నా సైజు 8" అని వాట్సాప్‌లో పెట్టి వదిలేయకండి. మన దగ్గర చెప్పేది యూకే సైజు, అక్కడ మగవాళ్ళ సైజు అంకె చాలా కంపెనీల్లో ఒకటి ఎక్కువ, ఆడవాళ్ళదైతే తేడా ఇంకా పెద్దది, కంపెనీని బట్టి మారుతుంది కూడా. సెంటీమీటర్లలో పంపండి, పెట్టె మీదా నాలుక మీదా అది రాసి ఉంటుంది. అదే మోడల్ ఇక్కడ ఒకసారి తొడిగి చూశాకే తెప్పించుకోవడం తెలివైన పని, తిరిగి పంపడానికి సముద్రం అడ్డం.

కొన్నాక ఎండలో ఆరబెట్టకండి, మన వేసవి ఎండకి జిగురు ఊడుతుంది. ఇన్‌సోల్ తీసి, లోపల పాత న్యూస్‌పేపర్ కుక్కి ఫ్యాన్ కింద పెడితే తెల్లారేసరికి ఆరిపోతుంది. ట్రైల్ షూ మామూలుగా 500 నుంచి 800 కిలోమీటర్లు వస్తుంది, తేలికవి ముందే చేతులెత్తేస్తాయి. బొటనవేలి కింద లగ్‌లు సగానికి అరిగాయా, నడకలో కూడా గులకరాయి గుచ్చుకోవడం తెలుస్తోందా, ఇక దాన్ని కూరగాయల మార్కెట్‌కి వాడుకోండి.