జ్వరం తగ్గిన రోజే కనిపెట్టుకుని ఉండండి

పోయిన వారం పేపరు జిల్లా పేజీలో నాలుగు వరుసల వార్త వచ్చింది. వసతి గృహంలో ఉండి ఎనిమిదో తరగతి చదువుతున్న అమ్మాయికి జ్వరం వస్తే తల్లిదండ్రులు ఇంటికి తీసుకెళ్లారు. నాలుగో రోజుకు తగ్గింది. తీసుకొచ్చి హాస్టల్లో దింపి వెళ్లారు. మర్నాడు రాత్రి పెద్దాసుపత్రికి చేరేలోపే ప్రాణం పోయింది. ‘జ్వరంతో విద్యార్థిని మృతి’ అని శీర్షిక పెట్టారు. ఆ అమ్మాయి జ్వరంతో పోలేదు, జ్వరం తగ్గాక పోయింది. ఈ తేడా తెలియకనే ఏటా వానాకాలంలో ఏదో ఒక ఊరి పేరుతో ఇదే వార్త చదువుతున్నాం.

నేను ఇరవై రెండేళ్లు జీవశాస్త్రం చెప్పాను. అందులో తొమ్మిదేళ్లు హాస్టల్ బాధ్యత కూడా నా మెడకే ఉండేది. చేతులు కడుక్కోవడం, కాచిన నీళ్లు తాగడం వంటివి బడి గోడల మీద రాసే ఉంటాయి కనుక వాటి జోలికి పోను. హైస్కూలు పిల్లల తల్లిదండ్రులకూ వార్డెన్లకూ నేను చెప్పేది ముఖ్యంగా ఒక్కటే: డెంగీ కాలంలో జ్వరం తగ్గిందని పిల్లల మీద నుంచి కన్ను తీయకండి.

డెంగీ నడక ఎలా ఉంటుందో చూడండి. మొదటి రెండు మూడు రోజులు 103, 104 డిగ్రీల జ్వరం, కళ్ల వెనక నొప్పి, ఒళ్లంతా విరిచేసినట్టు పోట్లు. ఇంటిల్లిపాదీ హడలిపోయేది ఈ రోజుల్లోనే. మూడో రోజుకూ ఏడో రోజుకూ మధ్య జ్వరం దిగుతుంది. ఎక్కువమందికి కథ అక్కడితో ముగుస్తుంది. కొందరికి మాత్రం సరిగ్గా అప్పుడే రక్తనాళాల గోడల్లోంచి నీరు ఊరి పొట్టలోకి, ఊపిరితిత్తుల చుట్టూ చేరుతుంది. నాళాల్లో మిగిలిన రక్తం చిక్కబడి రక్తపోటు పడిపోతుంది. ఆ గండం 24 నుంచి 48 గంటలు. ఆ సమయంలో థర్మామీటరు పెడితే 98 చూపిస్తుంది, మనం హమ్మయ్య అనుకుంటాం.

నా హాస్టల్లో తొమ్మిదో తరగతి కుర్రాడు ఒకడు ఉండేవాడు. ఐదో రోజు ఉదయం జ్వరం లేదు. రిజిస్టరులో వాడి పేరు ఎదురుగా ‘నార్మల్’ అని నా చేత్తో నేనే రాశాను. టిఫిను దగ్గర ఉప్మా వద్దన్నాడు. కడుపులో నొప్పిగా ఉందంటే, నాలుగు రోజులుగా ఏమీ తినలేదు కదా, అందుకే అన్నాను. పళ్లెం అందిస్తూ వాడి చేయి తగిలిన వంటమ్మ, ‘సార్, ఈ పిల్లాడి చేతులు మంచుముద్దల్లా ఉన్నాయి, ఒకసారి చూడండి’ అంది. పట్టుకున్నాను. చేతులు చల్లగా, తడిగా ఉన్నాయి. గోరు నొక్కి వదిలితే తెల్లబడిన చోటు ఎరుపెక్కడానికి నాలుగు లెక్కపెట్టాల్సి వచ్చింది. రెండు సెకన్లలోపు రావాలి. వాడు బతికాడు, ఇప్పుడు ఎలక్ట్రీషియన్‌గా పనిచేస్తున్నాడు. వాడిని బతికించింది వంటమ్మ. జీవశాస్త్రం చెప్పే నేను కాదు.

ఇంట్లో

జ్వరం ఏ తేదీన మొదలైందో క్యాలెండరు మీద రాయండి. ‘మొన్నో అటుమొన్నో’ అంటే డాక్టరుకు ఏమీ తెలియదు. మొదటి ఐదు రోజుల్లో చేసే పరీక్ష వేరు, ఆ తర్వాత చేసేది వేరు.

జ్వరానికి పారాసిటమాల్ ఒక్కటే. 40 కిలోల పిల్లలకు 500 మిల్లీగ్రాముల మాత్ర, ఆరేసి గంటల ఎడంతో. ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, మెఫెనమిక్ యాసిడ్ వద్దు, అవి రక్తస్రావం ముప్పు పెంచుతాయి. ‘ఆర్ఎంపీ సూది వేస్తే గంటలో దిగింది’ అని సంబరపడే తండ్రులను చాలామందిని చూశాను. అందులో ఏ మందుందో ఒక్కరూ అడగలేదు.

ప్లేట్‌లెట్ల అంకె చుట్టూ తిరగకండి. బొప్పాయి ఆకు రసం కోసం ఊరంతా గాలించే ఓపికలో సగం పిల్లవాడికి గంజి, మజ్జిగ, కొబ్బరి నీళ్లు, ఓఆర్‌ఎస్ పట్టించడంలో పెట్టండి. రక్తపరీక్ష కాగితంలో పీసీవీ లేదా హెమటోక్రిట్ అనే అంకె ఉంటుంది. అది పెరుగుతూ ప్లేట్‌లెట్లు తగ్గుతుంటే రక్తం చిక్కబడుతోందని అర్థం.

హాస్టల్లో

దోమతెరలు ఇచ్చాం కదా అంటారు. డెంగీ దోమ కుట్టేది పగలు, ముఖ్యంగా ఉదయం, సాయంత్రం పొద్దు వాలే ముందు. అంటే ప్రార్థన వేళ, ఆటల వేళ, తరగతి గదిలో బల్లల కింద. పొడుగు చేతుల చొక్కాలు, ప్యాంట్లు వేసుకోనివ్వండి. నాలుగు నెలలు యూనిఫాం నియమం సడలిస్తే కొంపలేమీ మునగవు.

శుక్రవారం డ్రై డే (నీళ్లు నిల్వ లేకుండా చూసే రోజు) అని డ్రమ్ములు వంపేసి ఫోటో తీసి పంపిస్తారు. దోమ గుడ్లు డ్రమ్ము లోపలి గోడకు అంటుకుని ఉంటాయి. ఎండినా నెలల తరబడి చావవు, మళ్లీ నీళ్లు పోయగానే పిల్లలు లేస్తాయి. వంపడం చాలదు, పీచుతో గోడలు రుద్దాలి. గుడ్డు దోమ కావడానికి వారం పది రోజులు పడుతుంది కాబట్టి వారానికోసారి తప్పదు.

ఇక మిగిలినవి వరసపెట్టి రాస్తున్నాను, కోపం వచ్చినా సరే చదవండి.

– జ్వరం తగ్గిందని మర్నాడే బడికి పంపకండి. మాత్ర వేయకుండా రెండు పూర్తి రోజులు జ్వరం లేకుండా ఉండాలి. యూనిట్ టెస్టు మళ్లీ రాయవచ్చు.

– ఆ రెండు రోజులూ ఆరు గంటలకోసారైనా మూత్రం వస్తోందా అని అడగండి. పదమూడేళ్ల పిల్లలు సిగ్గుపడతారు. అయినా అడగండి.

– ఆడపిల్లలకు ఆ రోజుల్లో నెలసరి వచ్చి రక్తం ఎక్కువగా పోతుంటే అది మామూలు నెలసరి అనుకోకండి. వార్డెనుగా మగవారుంటే అమ్మాయిలు చెప్పరు. ఏఎన్ఎమ్ గానీ ఉపాధ్యాయురాలు గానీ రోజూ విడిగా అడగాలి.

– కడుపు నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి గానీ ముక్కు నుంచి గానీ రక్తం, నల్లటి విరేచనం, మత్తుగా పడి ఉండడం లేదా ఊరికే చిరాకుపడడం. ఆసుపత్రికి బయలుదేరడానికి వీటిలో ఒక్కటి చాలు. ‘తెల్లవారనివ్వండి, చూద్దాం’ అనకండి.

– పోయినేడు వచ్చిపోయింది, ఇక రాదు అనకండి. డెంగీ వైరస్‌లు నాలుగు రకాలు. రెండోసారి వేరే రకం సోకితే ముప్పు ఎక్కువ.

– ప్రతి జ్వరాన్నీ టైఫాయిడ్ అనకండి.

– చంకల్లో, గజ్జల్లో, బట్టల మరుగున సిగరెట్టుతో కాల్చినట్టు నల్లటి పక్కు ఉందేమో చూడండి. అది స్క్రబ్ టైఫస్ (చిన్న పురుగు కుట్టి వచ్చే జ్వరం) కావచ్చు. పొదల్లోకి బంతి కోసం దూరిన పిల్లలకు వస్తుంది. దానికి మందు ఉంది, ఆలస్యం చేస్తేనే ప్రమాదం.

– ఏజెన్సీ ఊళ్ల నుంచి వచ్చిన పిల్లలకు జ్వరమొస్తే ఆ రోజే మలేరియా పరీక్ష.

– ‘నూరు శాతం హాజరు’ బహుమతులు ఈ నాలుగు నెలలు ఆపేయండి. ఆ బహుమతి కోసం జ్వరం దాచుకుని స్టడీ అవర్లో కూర్చున్న పిల్లలను నేను చూశాను.

– హాస్టల్లో బీపీ మిషన్ ఉంటే బీరువాలోంచి బయటికి తీయండి. పై అంకెకూ కింది అంకెకూ తేడా 20కి దిగిందంటే ఆసుపత్రికి బయలుదేరాల్సిందే.

– సిక్ రూములో ఒంటరిగా పడుకోబెట్టి తాళం వేయకండి.

– జ్వరం తగ్గిందా? చేతులు, పాదాలు పట్టుకుని చూడండి. మళ్లీ చెబుతున్నాను, తగ్గిన రోజునే.

– 108కి ఫోన్ చేశాక పిల్లవాడిని గేటు దాకా నడిపించకండి, పడుకోబెట్టే ఉంచండి. బండి వచ్చేలోపు ఒక కాగితం మీద మూడు సంగతులు రాసి చొక్కా జేబులో పెట్టండి: జ్వరం ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు తగ్గింది, ఆఖరుసారి మూత్రం ఎప్పుడు పోశాడు. అక్కడ డాక్టరు ముందుగా అడిగేవి ఇవే. వెంట వెళ్లే వాచ్‌మన్‌కు అవి తెలియవు.