గ్యాస్ ఎనలైజర్‌లో జీరో, స్పాన్ సరిపోయాయి. మధ్యలో రీడింగ్ ఎందుకు తప్పుతోంది?

"అన్నా, నైట్రోజన్ పంపితే సున్నా, 20 శాతం గ్యాస్ పంపితే 20. కానీ 10 శాతం సిలిండర్ పెడితే 11 దాటుతోంది." బెంగళూరు పీణ్యలో పనిచేసే చిత్తూరు తమ్ముడి ప్రశ్న ఇది. కార్బన్ డయాక్సైడ్ కొలిచే ఇన్‌ఫ్రారెడ్ ఎనలైజర్లతో చాలామంది పడే తిప్పలే. జీరో అంటే ఆ వాయువు లేని గ్యాస్‌తో సున్నా దగ్గర సరిచేయడం, స్పాన్ అంటే శాతం తెలిసిన గ్యాస్‌తో పై చివర సరిచేయడం.

కారణం: ఈ వాయువు 4.26 మైక్రోమీటర్ల దగ్గర కాంతిని పీల్చుకుంటుంది. వాయువు రెట్టింపైనంత మాత్రాన పీల్చుకునే కాంతి రెట్టింపు కాదు. ముందరి అణువులు తీసుకోగా వెనకవాటికి మిగిలేది తక్కువ. అందుకే సిగ్నల్ గీత వంగుతుంది. ఆ వంపును యంత్రంలోని పట్టిక సరిదిద్దుతుంది. సెల్ (గ్యాస్ నిండే గది) గానీ, సోర్స్ (కాంతినిచ్చే భాగం) గానీ, బోర్డు గానీ మార్చాక ఆ పట్టిక పొసగకపోవచ్చు. జీరో, స్పాన్ పట్టుకునేది గీత రెండు చివరలనే. మధ్యలో ఎక్కువ చూపితే దిద్దుబాటు చాలలేదు. తక్కువ చూపితే మించింది.

పరిష్కారం: వెంటనే పట్టిక జోలికి వెళ్లకండి. యంత్రాన్ని పూర్తిగా వేడెక్కనివ్వండి. సిలిండర్ సర్టిఫికెట్ గడువు చూడండి. అన్ని గ్యాస్‌లకూ ఫ్లో ఒకటే ఉండాలి. తేడా ఉంటే సెల్‌లో ఒత్తిడి మారి, లేని వంపు కనిపిస్తుంది. జీరో, స్పాన్ చేశాక గ్యాస్ డివైడర్‌తో స్పాన్ గ్యాస్‌ను దాని బలంలో 20, 40, 60, 80 శాతానికి పలుచన చేసి పంపండి. ఎక్కుతూ ఒకసారి, దిగుతూ ఒకసారి. రెండుసార్లూ ఒకే అంకె రాలేదా? అయితే తప్పు పట్టికది కాదు. లీకు వెతకండి, లేదా రీడింగ్ కుదురుకునేదాకా ఆగండి. అంకెలు నిలకడగా వస్తేనే కొత్త విలువలు ఎక్కించండి. ఆ తర్వాత, పట్టికకు వాడని మరో సిలిండర్‌తో సరిచూడండి. చాలామంది వదిలేసే మెట్టు ఇదే. నా దృష్టిలో అసలు పరీక్ష కూడా ఇదే.

సమస్య: చెన్నైలో క్యాలిబ్రేట్ చేసిన యంత్రం బెంగళూరులో దాదాపు పదోవంతు తక్కువ చూపుతోంది.

బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్లకు పైన ఉంది. గాలి ఒత్తిడి తీరంలో కంటే సుమారు పదోవంతు తక్కువ కాబట్టి సెల్‌లో అణువులూ తగ్గుతాయి. ఒత్తిడి సవరణ ఉంటే ఆన్ చేసి, ఇక్కడే మళ్లీ స్పాన్ చేయండి. దీనికోసం పట్టికనే మార్చేసిన యంత్రాన్ని దారికి తేవడానికి నాకు ఒక రోజంతా పట్టింది.

సమస్య: నైట్రోజన్‌తో సున్నా వస్తుంది, వానాకాలపు గాలి పీల్చగానే కార్బన్ మోనాక్సైడ్ కనిపిస్తుంది.

కారణం తేమ. నీటి ఆవిరి కూడా కార్బన్ మోనాక్సైడ్‌ను కొలిచే తరంగాల దగ్గర కాంతిని పీల్చుకుంటుంది. శాంపిల్ కూలర్ (గాలిని చల్లార్చి తేమ తీసేది) చల్లబడుతోందో లేదో, నీరు దిగే గొట్టం మూసుకుపోయిందేమో చూడండి.